స్టెప్నీ లేని కారుకు స్టెప్నీ

మా కారులో స్టెప్నీ లేదన్న సంగతి, కారు కొన్న పద్నాలుగు నెలలకు, రాత్రి పదకొండు గంటల వేళ రోడ్డు పక్కన డిక్కీ తెరిచి నిలబడినప్పుడు గాని నాకు తెలియలేదు. రోడ్డు అంచున పైకి లేచి ఉన్న ఇనుప చువ్వ ఒకటి ముందు ఎడమ టైరు పక్కగోడను రెండంగుళాల మేర చీల్చింది. డిక్కీ అడుగున ఉన్న పలక ఎత్తి చూస్తే, చక్రం ఉండవలసిన గుంటలో థర్మాకోల్ అచ్చు ఒకటి, అందులో అమర్చిన చిన్న కంప్రెసర్, దాని పక్కన తెల్లని ద్రవంతో నిండిన సీసా కనిపించాయి. ఆ ద్రవం టైరులో నేలను తాకే భాగానికి మేకు గుచ్చుకుని పడిన సన్నని రంధ్రాన్ని, అదీ సీసా మీద రాసిన కొలతకు లోబడితేనే, పూడ్చగలదు. చాలా సీసాల మీద ఆ కొలత 4 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది. చీలిపోయిన పక్కగోడ విషయంలో అది చేయగలిగింది ఏమీ లేదు. వెనక సీటులో అమ్మ, ముందు సీటులో అక్క కూర్చుని ఉండగా, కారును ఎక్కించుకుని పోయే బండి కోసం నాలుగు గంటలు ఎదురుచూశాం.

అమ్మినవారు ముందే చెప్పి ఉండవలసిందని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఆ విషయం స్పష్టంగానే ఉంది, చదవని తప్పు నాదే. మర్నాడు ఆ పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాక, ఈ కారుకు ఒక స్టెప్నీ సమకూర్చాలని నిశ్చయించుకున్నాను. అది ఒక చక్రం కొని డిక్కీలో పడేసినంత తేలికగా జరుగుతుందని మొదట అనుకున్నాను. చివరికి దాదాపు రెండు నెలలు పట్టింది. అదే ప్రయత్నంలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని, నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

స్టెప్నీ అన్న మాట మన మెకానిక్కుల నోట ఎంత సహజంగా పలుకుతుందంటే, అది ఒక వీధి పేరని ఎవరికీ తోచదు. వేల్స్ దేశంలోని లానెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి ఉంది. 1904లో డేవీస్ సోదరులు అక్కడే, ఆకులు లేని ఉత్త రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రాన్ని విప్పకుండా దాని పక్కనే బిగించే ఏర్పాటు ఒకటి తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కార్లు అదనపు చక్రం లేకుండానే వచ్చేవి. అంటే స్టెప్నీ పుట్టిందే స్టెప్నీ లేని కార్ల కోసం.

నేటి తయారీదారులు దాన్ని తీసివేయడానికి కారణాలు ఉన్నాయి. చక్రం, జాకీ, పానా కలిస్తే పదిహేను నుంచి ఇరవై అయిదు కిలోల బరువు అవుతుంది. ఆ బరువు తగ్గితే ఇంధనం ఖర్చు, పొగ కొద్దిగా తగ్గుతాయి. గుంట ఖాళీ అయితే అక్కడ బ్యాటరీయో సైలెన్సరో పెట్టుకోవచ్చు, చక్రం ఖర్చు మిగులుతుంది. కొన్ని కార్లకు, గాలి పూర్తిగా పోయినా గట్టి పక్కగోడల మీద గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు నడవగల రన్‌ఫ్లాట్ టైర్లు వేసి ఇస్తారు. మా కారుకు అవీ లేవు. నాలుగు టైర్లూ మార్చి రన్‌ఫ్లాట్లు వేయించే ఆలోచన కూడా చేశాను. కాని వాటి గట్టిదనానికి తగినట్టు రూపొందించని సస్పెన్షన్‌తో ప్రయాణం కుదుపుగా ఉంటుందని, పైగా పక్కగోడ చీలితే వాటికీ పూచీ లేదని తెలిసి ఆ ఆలోచన మానుకున్నాను.

ఇక చక్రం ఎంపిక. పూర్తి కొలత చక్రమా, సన్నని తాత్కాలిక చక్రమా అన్నది మొదటి ప్రశ్న. పూర్తి కొలత చక్రం ఎంత దూరమైనా, ఎంత వేగంగానైనా నడుస్తుంది కనుక నా మనసు దానివైపే మొగ్గింది. కాని మా కారు గుంట లోతు కొలిస్తే పద్నాలుగు సెంటీమీటర్లు మాత్రమే ఉంది, మా టైరు వెడల్పు ఇరవై సెంటీమీటర్లకు పైమాట. అందువల్ల సన్నని చక్రమే గతి అయింది. వీటి టైరు కొలతకు ముందు 'టి' అన్న అక్షరం ఉంటుంది, తాత్కాలికమని దాని అర్థం. వీటిలో 4.2 బార్లు, అంటే 60 పీఎస్ఐ గాలి నింపాలి, 80 కిలోమీటర్ల వేగం మించకూడదు. సన్నగా ఉంది కదా, బరువు మోస్తుందా అన్న అనుమానం నాకు ఉండేది. టైరు మీద ఉండే బరువు సంఖ్యలు చూశాక అది తీరింది. మా మామూలు టైరు సంఖ్య 91, అంటే 615 కిలోలు. నేను చివరకు తీసుకున్న సన్నని టైరు సంఖ్య 99, అంటే 775 కిలోలు. అంత ఎక్కువ గాలి నింపేది ఆ బరువు మోయడానికే. కనుక ఆ గాలి తగ్గిందంటే టైరు బలం కూడా తగ్గినట్టే.

తరువాతిది చుట్టుకొలత. దీని గురించి చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను. మా టైర్ల కొలత 205/55 ఆర్16. 205 మిల్లీమీటర్ల వెడల్పులో 55 శాతం పక్కగోడ ఎత్తు. దాన్ని రెట్టింపు చేస్తే 225.5 వస్తుంది, దానికి పదహారంగుళాల రిమ్ము వ్యాసం 406.4 కలిపితే 631.9 మిల్లీమీటర్లు. మొదట నాకు చూపించిన సన్నని చక్రం 125/80 ఆర్16. రిమ్ము అదే పదహారంగుళాలు కనుక సరిపోతుందని అమ్మే అతను గట్టిగా చెప్పాడు. లెక్క వేస్తే దాని వ్యాసం 606.4 మిల్లీమీటర్లే. అంటే నాలుగు శాతం చిన్నది. కిలోమీటరు దూరంలో మామూలు చక్రం సుమారు 504 సార్లు తిరిగితే ఇది 525 సార్లు తిరగాలి. ఆ ఇరవై ఒక్క అదనపు చుట్లను సర్దుబాటు చేసే పని, ఇంజిను శక్తి అందుకునే చక్రాల మధ్య ఉన్న డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక మీద పడుతుంది. మలుపుల్లో పని చేయడానికి ఉద్దేశించిన ఆ గేర్లు తిన్నని రోడ్డు మీద కూడా విరామం లేకుండా తిరుగుతూ వేడెక్కుతాయి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలోను, జారుడును అరికట్టే డిఫరెన్షియల్ ఉన్న కార్లలోను ఈ తేడా మరింత హాని చేస్తుంది. దానికి బదులు 125/70 ఆర్18 చక్రాన్ని లెక్క వేస్తే 632.2 మిల్లీమీటర్లు వచ్చింది, అసలు టైరుకు దాదాపు సమానం. రిమ్ము రెండంగుళాలు పెద్దదైనా పక్కగోడ పొట్టిది కావడం వల్ల మొత్తం వ్యాసం ఒకటే అయింది. రిమ్ము పెద్దది కావడం వల్ల ముందు చక్రపు బ్రేకు పలకలను పట్టి ఉంచే కాలిపర్‌కు తగిలే భయం కూడా తగ్గింది.

ఇక రిమ్ము, చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగమైన హబ్‌కు అమరే తీరు. మా కారుకు అయిదు బోల్టులు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 112 మిల్లీమీటర్లు. అయిదు బోల్టుల రిమ్ములు వేరే కార్లలో 108, 114.3, 120 మిల్లీమీటర్ల వృత్తాలతో కూడా వస్తాయి. అయిదు రంధ్రాలు ఉన్నప్పుడు ఒకదానికి సరిగ్గా ఎదురుగా మరొకటి ఉండదు కనుక వ్యాసాన్ని నేరుగా కొలవలేం. పక్కపక్కనున్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కొలిచి 1.701తో గుణించాలి. 112 వృత్తానికి ఆ దూరం 65.8 మిల్లీమీటర్లు, 114.3 వృత్తానికి 67.2. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు. టేపుతో కొలిస్తే అది పట్టుబడదు, వెర్నియర్ కాలిపర్స్‌తోనే కొలవాలి. నేను టేపుతో కొలిచి తెచ్చిన మొదటి చక్రం 114.3ది. మొదటి బోల్టు చక్కగా ఎక్కింది, రెండోది కాస్త ఏటవాలుగా పట్టింది, మూడోది పట్టనే లేదు. కొంచెం బలవంతం చేస్తే మూడో బోల్టు కూడా లోపలికి వెళ్లేదేమో, అప్పుడు మరలు చెడిపోయి, బిగిసిందన్న భ్రమతో చక్రం వదులుగా తిరిగేది. బోల్టు చేతివేళ్లతో సాఫీగా తిరగకపోతే పానా అందుకోకూడదన్నది నేను ఆ రోజు నేర్చుకున్నాను.

మధ్య రంధ్రం కూడా కలవాలి. మాది 57.1 మిల్లీమీటర్లు. రిమ్ము రంధ్రం అంతకన్నా చిన్నదైతే చక్రం హబ్ మీదికి రానే రాదు. పెద్దదైతే వస్తుంది కాని కేంద్రం తప్పి కూర్చునే ప్రమాదం ఉంది కనుక మధ్యలో ఒక రింగు వేయాలి. రిమ్ము వెడల్పు మధ్య గీతకు, హబ్ మీద ఆనే ముఖానికి మధ్య దూరాన్ని, అంటే రిమ్ము బ్రేకుకు ఎంత దగ్గరగా వస్తుందో నిర్ణయించే దూరాన్ని, చెప్పే ఆఫ్‌సెట్ కొలత మరొకటి. దాన్ని కాగితం మీద పోల్చడం కన్నా, చక్రాన్ని ముందొకసారి, వెనకొకసారి బిగించి చేత్తో తిప్పి చూడడమే నమ్మదగిన పరీక్ష.

బోల్టుల విషయంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. కొన్ని బోల్టులకు రిమ్మును నొక్కే మెడ భాగం గుండ్రంగా ఉంటుంది, కొన్నిటికి కోను ఆకారంలో ఉంటుంది. ఒకదాని కోసం చేసిన రంధ్రంలో మరొకటి బిగిస్తే సన్నని అంచు మీదే ఆనుతుంది, కొంత దూరం పోయేసరికి వదులవుతుంది. రెండోది పొడవు. అల్యూమినియం రిమ్ము మందం కోసం చేసిన పొడవాటి బోల్టు, పల్చని ఉక్కు రిమ్ములో బిగిస్తే, హబ్ లోపలికి ఎక్కువ పొడుచుకుపోయి అవతల ఉన్న భాగాలకు తగలవచ్చు. మా సన్నని చక్రానికి వేరే బోల్టులు అవసరమయ్యాయి. అయిదింటినీ ఒక గుడ్డ సంచిలో వేసి రిమ్ముకే కట్టి ఉంచాను.

వాడిన చక్రం కొనేవారు టైరు వయసు తప్పక చూడాలి. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రబ్బరు ముదురుతుంది. పదేళ్లు దాటిన టైరు కొత్తదానిలా మెరిసినా వద్దనే టైర్ల తయారీదారులు చెబుతారు, స్టెప్నీకి కూడా అదే వర్తిస్తుంది. నాకు చూపించిన చక్రాలలో రెండింటిని ఈ ఒక్క కారణంతోనే వదులుకున్నాను.

చక్రం దొరికిన తరువాత దాన్ని ఎక్కడ, ఎలా ఉంచాలన్నది వచ్చింది. ఈ భాగంలో చాలామంది చేసే పొరపాటు నాకు నిజంగా భయం కలిగిస్తుంది. చక్రాన్ని డిక్కీలో ఊరికే పడుకోబెట్టి, దాని మీద సామాను పెట్టి, కదలదులే అనుకుంటారు. మా స్టెప్నీ తూకం పద్నాలుగు కిలోలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుంటే, ఆ పద్నాలుగు కిలోల చక్రాన్ని నిలిపి ఉంచడానికి దాదాపు రెండు వందల కిలోల బరువును మోసేంత బలం కావాలి. కట్టకుండా వదిలిన చక్రాన్ని ఆపేది వెనక సీటు వీపు మాత్రమే. ఆ సీటులో మా అమ్మ కూర్చుంటుంది.

మా కారు విషయంలో అదృష్టం కొంత తోడైంది. థర్మాకోల్ అచ్చు ఎత్తి చూస్తే గుంట మధ్యలో రబ్బరు మూతతో కప్పిన మరల రంధ్రం ఒకటి కనబడింది. ఇదే కారును వేరే రకంలో స్టెప్నీతో తయారుచేస్తారు కనుక, ఇనుప అడుగు అన్నిటికీ ఒకటే ఉంటుంది. ఆ రకానికి వాడే పెద్ద మర బోల్టు తెప్పించి, రిమ్ము మధ్య రంధ్రం గుండా బిగించాను. కారు శరీరానికి ఒక్క కొత్త రంధ్రం కూడా వేయవలసి రాలేదు. థర్మాకోల్ తీసేశాక డిక్కీ పలకకు ఆధారం పోయింది. అందువల్ల ఆ అచ్చు అంచులను మాత్రం కోసి గుంట చుట్టూ తిరిగి అమర్చాను. పలక మునుపటికన్నా రెండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. గుంటలో బ్యాటరీయో సైలెన్సరో ఉన్న కార్లలో ఈ దారి లేదు. అక్కడ చక్రాన్ని వెనక సీటు వీపుకు ఆనించి, డిక్కీలో సామాను కట్టడానికి ఇచ్చిన ఇనుప కొక్కేలకు రాచెట్ పట్టీలతో రిమ్ము గుండా బిగించి కట్టాలి. ప్లాస్టిక్ కొక్కేలు ఇందుకు పనికిరావు, అవి కూరల సంచులు తగిలించడానికి పెట్టినవి.

ఒక చిన్న విషయం చెప్పాలి. చక్రాన్ని వాల్వు పైకి కనిపించేలా ఉంచండి. కింద పడితే గాలి చూడడానికి ప్రతిసారీ బోల్టు విప్పాలి, అలా విప్పవలసి వస్తే ఎవరూ చూడరు.

స్టెప్నీ లేని కారుతో సాధారణంగా జాకీ, పానా కూడా రావు. జాకీ కొనేటప్పుడు అది మోసే బరువే కాక, పూర్తిగా ముడిచినప్పుడు ఉండే ఎత్తు కూడా చూడాలి. టైరులో గాలి పోతే కారు ఆ వైపు కిందికి దిగుతుంది కాబట్టి, మామూలుగా దూరే జాకీ అప్పుడు దూరకపోవచ్చు. నేను ఒక టైరులో గాలి పూర్తిగా తీసేసి, కారు అంచుకు నేలకు మధ్య ఎంత ఖాళీ మిగిలిందో కొలిచి, దానికి సరిపోయే జాకీ తెచ్చాను. అడుగున బ్యాటరీ పరచి ఉన్న విద్యుత్ కార్లలో జాకీ ఆనించే చోట్లు ప్రత్యేకంగా గుర్తించి ఉంటాయి, పక్కకు పెడితే బ్యాటరీ పెట్టె నొక్కుకుపోవచ్చు. మెత్తని నేల కోసం ఒక చెక్క ముక్క, చక్రం దొర్లకుండా అడ్డుపెట్టడానికి రెండు రబ్బరు దిమ్మలు కూడా చేర్చాను. మా బోల్టులకు కావలసిన బిగువు 120 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పానాతో అంత బిగువును విప్పాలంటే చివర దాదాపు యాభై కిలోల బలం పెట్టాలి, అర మీటరు పానా అయితే అందులో సగం చాలు. కారు నడిపేది ఎక్కువగా మా అక్క కనుక, పొడవు సాగే పానానే కొన్నాను. బోల్టులలో ఒకటి, చక్రం దొంగతనం కాకుండా వేసే తాళపు బోల్టు. దాన్ని విప్పడానికి పానాకు తగిలించే ప్రత్యేకమైన తలను కూడా జాకీ పక్కనే ఉంచాం.

అన్నీ సమకూరాక ఇంటి ముందు చదును నేల మీద చక్రం మార్చి చూశాం. అంతా అక్కే చేసింది, నేను పుస్తకం పట్టుకుని పక్కన నిలబడ్డాను. చేతి బ్రేకు వేసి, ఎదురు మూల చక్రానికి దిమ్మలు పెట్టి, కారు ఎత్తకముందే బోల్టులు ఒక్కొక్క చుట్టు వదులు చేసి, తరువాత జాకీ ఎత్తి, చక్రం మార్చి, ఒకటి విడిచి ఒకటిగా బిగించి, కారు దించాక మళ్లీ పూర్తి బిగువు ఇచ్చింది. నలభై నిమిషాలు పట్టింది. చెయ్యి తుడుచుకుంటూ, "ఇదంతా పగటి పూట చేశాం కదరా, ఆ రోజు మనం ఆగిపోయింది రాత్రి కదా" అంది. ఆ మాట నిజమే కనుక రెండు రోజుల తరువాత చీకటి పడ్డాక మళ్లీ చేశాం. తలకు కట్టుకునే దీపం లేకుండా ఒక చేత్తో సెల్‌ఫోన్ పట్టుకుని ఈ పని చేయలేమని అప్పుడు తెలిసింది. దీపం, మెరిసే త్రిభుజం, చేతి తొడుగులు ఆ తరువాతే సంచిలో చేరాయి.

ఆ అభ్యాసంలోనే ఇంకో సంగతి బయటపడింది. సన్నని చక్రం కోసం ఉన్న గుంటలో, విప్పిన పెద్ద చక్రం పట్టదు. నిండుగా సామాను, వెనక సీటులో మనుషులు ఉన్నప్పుడు ఆ మురికి చక్రాన్ని ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి. మేము దానికి సరిపోయే మందపాటి సంచి ఒకటి, కట్టడానికి అదే రాచెట్ పట్టీ ఒకటి ఉంచుకున్నాం.

స్టెప్నీ మీద కారును నేను పన్నెండు కిలోమీటర్లు నడిపి చూశాను. గాలి తగ్గిందని హెచ్చరించే దీపం వెలిగింది, అది ఊహించినదే. స్టీరింగు కొద్దిగా ఒక వైపుకు లాగింది, బ్రేకు వేస్తే ఆగే దూరం పెరిగినట్టు తెలిసింది. నేలను తాకే రబ్బరు తక్కువ కనుక తడి రోడ్డు మీద ఈ తేడా ఇంకా పెరుగుతుంది. 80 అన్నది చేరుకోదగిన వేగం కాదు, గరిష్ఠ హద్దు. నేను 60 దాటలేదు.

సీసాను, కంప్రెసర్‌ను మాత్రం పారేయలేదు. సన్నని మేకు గుచ్చుకున్నప్పుడు, వానలో చక్రం విప్పడం కన్నా అదే మేలు కావచ్చు. ఆ ద్రవానికి గడువు తేదీ ఉంటుంది, మాదానికి మరో రెండేళ్లు ఉంది. కంప్రెసర్ ఇప్పుడు ఎక్కువగా పనికొచ్చేది స్టెప్నీకే. ప్రతి నెల మొదటి ఆదివారం డిక్కీ పలక ఎత్తి గాలి చూస్తున్నాను. మొన్న చూస్తే 57 ఉంది, 60కి నింపి, వాల్వు మూత బిగించి, పలక దించాను.